సాధ్యమని చెప్పేదెవరు?

ఒక పని సాధ్యమా కాదా అన్నది ఆ పని తెలిసినవాళ్లు తేల్చవలసిన విషయమని మనమందరం అనుకుంటాం. వంతెన నిలుస్తుందా అని ఇంజనీరును అడుగుతాం. రోగి కోలుకుంటాడా అని వైద్యుణ్ణి అడుగుతాం. అది సహజమే. అయితే కొన్ని పనుల విషయంలో 'సాధ్యం' అనే మాటలో మూడు ప్రశ్నలు కలిసి ఉంటాయి. చేయగలమా? చేస్తే గిట్టుతుందా? చేసే హక్కు మనకు ఉందా? మొదటి రెండింటికీ లెక్కలున్నాయి. మూడోదానికి లెక్క లేదు గనుక చాలాసార్లు దాన్ని ఎవరూ అడగరు. అడగకపోయినా, అందరూ ఒప్పుకున్నట్టే పని సాగిపోతుంది.

ఈ మూడు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి తగవుపడే విషయం ఒకటి ఇటీవల మన దేశంలోనూ చర్చకు వచ్చింది. భూమి లోపలి వేడిని పైకి తెచ్చి వాడుకోవడం గురించి కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో ఒక జాతీయ విధానాన్ని ప్రకటించింది. వేడినీటి బుగ్గలున్న చోట్లతో పాటు, పనికిరాక వదిలేసిన చమురు, గ్యాసు బావులను కూడా ఇందుకు వాడుకునే ఆలోచన అందులో ఉంది. అలాంటి బావులు ఎక్కడ ఉన్నాయో యానాంలో ఉన్న పాఠకులకూ, కావేరి డెల్టాలో ఉన్న పాఠకులకూ నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా ఆలోచించదగ్గది.

లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కుతుంది. ఇది కోలారు బంగారు గనుల కుటుంబాలకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. 2001లో మూతపడిన ఆ గనుల్లో ఛాంపియన్ రీఫ్ 3 కిలోమీటర్లకు పైగా దిగింది. అక్కడి రాతిమీద చెయ్యి ఆనించి ఉంచలేరు; పైనుంచి చల్లగాలి పంపనిదే మనిషి నిలవలేడు. అది అతి పురాతనమైన గట్టి నేల కాబట్టి అక్కడ వేడి నెమ్మదిగా పెరుగుతుంది. మామూలుగా కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఆ లెక్కన 4 కిలోమీటర్ల లోతున నీరు మరిగే వేడిని దాటిన రాయి చాలాచోట్ల ఉంటుంది. ఆ వేడిని పైకి తెచ్చే ఉపాయం వినడానికి సులువు. రెండు బోర్లు వేస్తారు. ఒకదానిలో చల్లటి నీరు దించుతారు. ఆ నీరు వేడి రాతిలో ప్రయాణించి రెండో బోరులోంచి వేడిగా పైకి వస్తుంది. రాతిలో నీరు నడిచే దారి లేకపోతే, పెద్ద ఒత్తిడితో నీరు కొట్టి చీలికలు తెరుస్తారు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఫెంటన్ హిల్ దగ్గర లాస్ అలమోస్ శాస్త్రజ్ఞులు 1970లలోనే ఈ ప్రయత్నం మొదలుపెట్టారు.

వాళ్లు ఎంచుకున్నది గ్రానైటు. ఆ తర్వాత కొందరి దృష్టి అవక్షేప శిలల మీదికి మళ్లింది. నదులు, సముద్రాలు కోట్ల ఏళ్లపాటు తెచ్చి పరచిన ఇసుక, బురద, గవ్వలు ఒకదానిమీద ఒకటి పేరుకొని గట్టిపడిన పొరల రాయి అది. ఇసుకరాయి, సున్నపురాయి ఆ జాతివే. గ్రానైటుకన్నా వీటిలో బోరు దించడం తేలిక. చమురు కోసం వెతికినవాళ్లు వీటి పొరలను ముందే కొలిచి పెట్టారు. అదృష్టం బాగుంటే రాతిలోనే సన్నని రంధ్రాలుండి, నీరు దానంతటదే నడుస్తుంది. పారిస్ చుట్టుపక్కల సున్నపురాతి పొరలోని వేడినీటితో 1969 నుంచి ఇళ్లను వెచ్చబరుస్తున్నారు. మ్యూనిక్ నగరం కూడా అదే పని చేస్తోంది. వీళ్లకు రాతిని చీల్చే అవసరం రాలేదు.

చిక్కంతా రంధ్రాలు మూసుకుపోయిన పొరలతోనే. గ్రానైటును చీలిస్తే రెండు ముఖాలు కాస్త జరిగి, గరుకు అంచులు ఒకదానికొకటి అడ్డుపడి, సందు కొంతవరకు తెరిచే ఉంటుంది. మెత్తని పొరల్లో ఒత్తిడి తీయగానే సందు మూసుకుపోతుంది. తెరిచి ఉంచాలంటే ఇసుక కూరాలి. పైగా ఆ పొరల్లో ఉప్పు ఉంటుంది, బంకమన్ను ఉంటుంది. జర్మనీలో హనోవరు నగరంలోని ప్రభుత్వ భూగర్భశాస్త్ర సంస్థ తన కార్యాలయ భవనాలను వెచ్చబరచుకోవడానికి 2009లో 3,900 మీటర్ల బోరు వేసింది. అడుగున 160 డిగ్రీలకు పైగా వేడి దొరికింది. 2011లో 20,000 ఘనపు మీటర్ల నీరు ఎక్కించి ఇసుకరాతిని చీల్చారు. చీలిక ఏర్పడింది. అయితే తిరిగి వచ్చే నీరు ఉప్పుతో నిండి, పైకి వస్తూ చల్లబడి, బోరులోనే ఉప్పు బిరడాగా గట్టిపడింది.

ఇక గిట్టుబాటు సంగతి. సెకనుకు 50 లీటర్ల నీరు వచ్చి, 80 డిగ్రీల మేర చల్లబడేదాకా దాని వేడిని వాడుకున్నామనుకుందాం. అది సుమారు 17 మెగావాట్ల వేడి. దాన్ని విద్యుత్తుగా మారిస్తే పదో వంతుకు కాస్త అటూ ఇటూగా, అంటే 2 మెగావాట్లకు మించి రాదు. నీరు తోడే పంపులకే అందులో కొంత పోతుంది. అదే వేడిని వేడిగానే వాడుకుంటే నష్టం చాలా తక్కువ. అమెరికాలోని నెవాడాలో 2023లో గట్టిరాతిని చీల్చి 3.5 మెగావాట్ల విద్యుత్తు తీయవచ్చునని చూపించారు. నీరు నడవని పొరల రాతిలో అంతటి రుజువు ఇంకా రావలసే ఉంది. నీరు నడిచే పొరల్లో వేడి కోసమైతే సాధ్యమే. విద్యుత్తు కోసం చీల్చాలంటే ఇంకా జూదమే. నిజాయితీగా చెప్పదగ్గ తీర్పు ఇంతవరకే.

జూదమని ఊరికే అనలేదు. బోరు వేసే రైతుకు దాని రుచి తెలుసు. కొబ్బరికాయ పట్టి చూసినా, యంత్రం పెట్టి చూసినా, అప్పు తెచ్చిన డబ్బు నేలలోకి పోయాకనే నీరు పడిందీ లేనిదీ తెలుస్తుంది. అయితే ఆ రైతు ఒడ్డింది తన డబ్బు. అతని బోరువల్ల పక్కవాడి బావి ఎండినప్పుడు గదా తగవు ఊరిమీదికి వస్తుంది! లోతైన బోర్ల విషయంలో ఆ పక్కవాడు ఒకడు కాదు, ఒక పట్టణం.

ఇక్కడే పొరల రాతికీ గ్రానైటుకీ ఇంకొక తేడా ఉంది. దాన్ని ఇంజనీరింగు పుస్తకాల్లో పెద్దగా పట్టించుకోరు. పొరల రాళ్లు ఎక్కువగా ఉండేది నదీలోయల్లో, మైదానాల్లో, డెల్టాల్లో. మనుషులు కాపురముండేదీ అక్కడే. ఊళ్లు, పంటలు, తాగునీటి బావులు అన్నీ ఆ పొరలమీదే ఉన్నాయి. నెవాడా ఎడారిలో నేల కాస్త కదిలితే అడిగేవాళ్లు తక్కువ. గోదావరి మూలనో, కావేరి మూలనో కదిలితే అది వందల ఇళ్ల గోడలమీద కనిపిస్తుంది.

జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ అంచున స్టౌఫెన్ అనే పాత పట్టణం ఉంది. 2007లో అక్కడి పురపాలక భవనాన్ని వెచ్చబరచడానికి 140 మీటర్ల లోతున ఏడు బోర్లు వేశారు. ఒత్తిడి పెట్టింది లేదు, చీల్చింది లేదు. కానీ పొరల మధ్య అన్‌హైడ్రైట్ అనే ఖనిజం ఉంది. బోర్ల దారిన దానికి నీరు తగిలింది. నీరు తగిలితే అది జిప్సంగా మారి ఉబ్బుతుంది. పట్టణం కింది నేల పైకి లేవడం మొదలుపెట్టింది. 200కు పైగా ఇళ్లు పగుళ్లు తీశాయి. చేసినవాళ్లలో దుర్బుద్ధి లేదు. బొగ్గు, చమురు వాడకం తగ్గించాలనే సద్బుద్ధితోనే చేశారు. అయినా పగుళ్లు మాత్రం ఆ నిర్ణయంలో పాలులేనివాళ్ల గోడలమీద పడ్డాయి.

దక్షిణ కొరియాలోని పోహాంగ్ కథ మరింత బరువైనది. అక్కడ చీల్చింది గ్రానైటు జాతి రాతినే. 2017 ఏప్రిల్‌లో తీవ్రత 3 దాటిన ప్రకంపన వచ్చింది. ఆ తర్వాత కూడా నీరు ఎక్కించడం సాగింది. నవంబరు 15న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. పదుల మంది గాయపడ్డారు. వేయిమందికి పైగా ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. ఆ భూకంపానికి ప్రేరణ ఆ బోర్లేనని 2019 మార్చిలో ప్రభుత్వం నియమించిన పరిశోధక బృందం తేల్చింది. ప్రమాదం రావడం ఒక బాధ. హెచ్చరిక ఏప్రిల్‌లోనే వచ్చినా, దాన్ని తూచి 'చాలు' అనే అధికారం కింద ఇల్లున్న ఎవరి చేతిలోనూ లేకపోవడం అంతకన్నా పెద్ద బాధ.

ఈ రెండింటి పక్కన స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్ పట్టణాన్ని పెట్టి చూడాలి. లోతైన సున్నపురాతి పొరలోని వేడినీటితో తమ ఇళ్లను వెచ్చబరచుకోవాలని అక్కడివాళ్లు అనుకున్నారు. 2010 నవంబరులో ఓటు పెట్టారు. 80 శాతానికి పైగా ఒప్పుకున్నారు. వాళ్ల దేశంలోనే బాసెల్ నగరంలో 2006లో ఇలాంటి పనివల్ల 3.4 తీవ్రతతో నేల కంపించిన సంగతి తెలిసీ ఒప్పుకున్నారు. 2013లో బోరు 4,450 మీటర్లు దిగింది. జులైలో అనుకోకుండా గ్యాసు తన్నుకొచ్చింది. బావిని అదుపులోకి తేవడానికి నీరు, బురద ఎక్కించారు. 20వ తేదీ తెల్లవారుజామున 3.5 తీవ్రతతో పట్టణం కంపించింది. కొంత ఆలోచించి, పరీక్షలు పూర్తి చేయాలనే నిర్ణయించారు. వేడి ఉంది, నీరు మాత్రం సెకనుకు 6 లీటర్లే వచ్చింది. అనుకున్నది 50. 2014లో పని ఆపేశారు.

ఇంజనీరు దృష్టిలో సెయింట్ గాలెన్ విఫలమైన ప్రయత్నం. డబ్బు పోయింది, నేల అదిరింది, నీరు రాలేదు. కానీ ఎవరికి అన్యాయం జరిగిందని అడిగితే, నాకు జవాబు దొరకదు. ఒడ్డింది వాళ్ల సొమ్ము, వాళ్ల గోడలు. లాభం వస్తే వాళ్ల ఇళ్లకే వచ్చేది. ఓడిపోయారు, కానీ ఎవరూ వాళ్లను పణంగా పెట్టలేదు. స్టౌఫెన్‌లో, పోహాంగ్‌లో జరిగిన నష్టం మాత్రం పరులు ఆడిన ఆటలో జరిగిన నష్టం.

ఈ తేడా మనకు కొత్తది కాదు. కౌరవ సభలో ద్రౌపది వేసిన ప్రశ్న ఇదే. పాచికలు ఎలా పడ్డాయని ఆమె అడగలేదు. ధర్మరాజు మంచివాడా కాదా అనీ అడగలేదు. ముందు తన్ను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని అడిగింది. పెద్దలందరూ ఉన్న సభ ఆ ప్రశ్నకు తలవంచుకుంది. ధర్మం సూక్ష్మమైనదని భీష్ముడు తప్పుకున్నాడు. కౌరవ సోదరుల్లో ఆమె తరపున నోరు విప్పినవాడు వికర్ణుడొక్కడే. అతను గెలిచిన పక్షంవాడు. ప్రమాదం జరిగే అవకాశం చాలా తక్కువని నిపుణులు ఇచ్చే భరోసా పాచికల గురించిన మాట. అది నిజమే కావచ్చు. ఒడ్డే హక్కు గురించిన ప్రశ్న మాత్రం అలాగే మిగులుతుంది.

ఇంతదాకా వచ్చి 'అయితే వద్దు' అనేస్తే పని తేలిక. కానీ అదీ న్యాయం కాదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరు దగ్గర పగిడేరు అనే ఊరుంది. బొగ్గు కోసం వేసిన బోరులోంచి అక్కడ వేడినీరు దానంతటదే పైకి వచ్చింది. ఆ నీటితో 2022 నాటికి సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రాన్ని నెలకొల్పింది. 5 గుర్రాల శక్తి మోటార్లు ఐదు నడిచేంత విద్యుత్తు అది. ఆ చుట్టుపక్కలే ఓపెన్‌కాస్టు గనుల్లోంచి తీసే బొగ్గు ఎన్నో ఊళ్లకు దీపమవుతోంది. ఆ బొగ్గు కోసం కొండలు, అడవులు, ఊళ్లు కదిలాయి. దాని బూడిదా పొగా ఎవరి ఊపిరితిత్తుల్లో చేరుతున్నాయో లెక్కగట్టి, వాళ్ల సమ్మతి అడిగినవారెవరూ లేరు. భూకంపం ఒక రోజున వస్తుంది, దానికి తేదీ ఉంటుంది, తీవ్రత ఉంటుంది. పొగకు తేదీ లేదు. తేదీ ఉన్న కష్టానికి మనం భయపడతాం, తేదీ లేనిదానికి అలవాటుపడతాం. కొత్త పని వద్దని చెప్పినప్పుడు పాత పనికి ఎవరినో పణంగా పెడుతూనే ఉన్నాం. మన దీపం ఆర్పకుండా మన నేల మాత్రం కదలకూడదంటే, దూరాన మరొకరి నేల కదలాలని కోరుకోవడమే.

కాబట్టి సమ్మతి అంటే ఒక్కరు వద్దన్నా పని ఆగిపోవడమని అర్థం చెప్పలేం. అలాగైతే ఏ చెరువు కట్టా లేచేది కాదు. పైన ఉన్నవాళ్లను మనుషులుగా లెక్కించి అడగడమంటే ఏమిటో మాత్రం చెప్పుకోవచ్చు. తెలిసినది ఎంతో, తెలియనిది ఎంతో వాళ్లకు వచ్చిన భాషలో ముందే చెప్పాలి. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాషగా బతికే మనకు ఈ మాట విలువ తెలుసు. నేల ఏ మేరకు అదిరితే పని ఆపాలో మొదటి బోరు దిగకముందే రాసిపెట్టాలి. ఆపే అధికారం ఆ పనివల్ల లాభంలేనివాడి చేతిలో ఉండాలి. గెలిచే పక్షంలో వికర్ణుడు పుడతాడని నమ్ముకొని కూర్చోలేం. గోడ పగిలినవాడు బోరువల్లే పగిలిందని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిమీద పెట్టకూడదు. తనవల్ల కాదని చూపించవలసింది బోరు వేసినవాడే.

అన్నిటికన్నా ముఖ్యం, కష్టం ఎక్కడుందో ఫలం అక్కడే పండాలి. ఇందుకు వేడిలోనే ఒక వీలుంది. విద్యుత్తు తీగల వెంట వందల మైళ్లు పోతుంది. వేడి అంతదూరం పోలేదు; దగ్గరివాళ్లే వాడుకోవాలి. మనది చలిదేశం కాదు, ఇళ్లు వెచ్చబరచనక్కర్లేదు. కానీ ధాన్యం, మిరప, పసుపు ఎండబెట్టడానికి వేడి కావాలి. పాలు కాచడానికి కావాలి. వేడితోనే నడిచే శీతల యంత్రాలున్నాయి గనుక చేపలు చెడకుండా దాచుకోవడానికీ అక్కరకొస్తుంది. గిట్టుబాటు లెక్కలోనూ వేడిని వేడిగా వాడుకోవడమే మేలని ముందు చూశాం. ధర్మం లెక్కా ఇక్కడ అటే చూపిస్తోంది.

ఓటు వేయలేనివాళ్లు ఇంకొందరున్నారు. బోర్ల చుట్టూ రాయి ఏటేటా చల్లబడుతుంది. సాధారణంగా 30 ఏళ్ల వాడకానికి లెక్క వేస్తారు. ఆ తర్వాత అది పూర్తిగా మళ్లీ వేడెక్కడానికి వందల ఏళ్లు పట్టవచ్చు. ఎన్నటికీ తరగని శక్తి అని ప్రచారం చేసేవాళ్లు ఈ మాట మెల్లగా చెబుతారు. ఇది ఊటబావిలా ఎప్పుడూ ఊరేది కాదు. ఒకసారి తోడేస్తే చాలా వానలకు గాని నిండని చెరువు. మనం వాడుకోవచ్చు. వాడేశామనీ, ఎక్కడెక్కడ రంధ్రాలు చేశామనీ రాసి, మూసి, వచ్చేవాళ్లకు అప్పగించవలసిన బాధ్యత మాత్రం మనదే.

లోపలి పనుల ఫలం పైన ఎలా ఉంటుందో మన పాఠకులు ఉన్న చోట్లకు ముందే తెలుసు. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కొయినాలో వచ్చిన భూకంపంలో దాదాపు 200 మంది చనిపోయారు. దానికి అక్కడి జలాశయం ప్రేరణ అని శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బావి అంటుకొని 65 రోజులు మండింది. ఆ వెలుగు యానాంకు దూరమేమీ కాదు. కావేరి డెల్టా రైతులు కొత్త చమురు, గ్యాసు బోర్లు వద్దని పోరాడగా, 2020లో తమిళనాడు శాసనసభ ఆ నేలను రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసింది. ఈ అనుభవాలు భయపడి కూర్చోవడానికి కాదు, సరిగ్గా అడగడానికి పనికివస్తాయి.

రేపు వదిలేసిన బావి పక్కన కొలతబద్దలు పట్టుకొని ఎవరైనా వస్తే, వాళ్లు శత్రువులని అనుకోనక్కర్లేదు. రాయి ఎంత వేడిగా ఉందో, నీరు ఎంత వస్తుందో, ఖర్చు ఎంతవుతుందో వాళ్ల నివేదికలో ఉంటుంది. ఆపే అధికారం ఎవరిదో, వేడి ఎవరి కల్లానికి వస్తుందో, ఒప్పుకున్నవాళ్లెవరో కూడా అందులో ఉందా అని అడగాలి. ఆ పుట ఖాళీగా ఉంటే సాధ్యాసాధ్యాల పరిశీలన ఇంకా పూర్తికాలేదని చెప్పడానికి భూగర్భశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. ఆ నేలమీద ఇల్లుంటే చాలు.